దుబాసీ మింగిన ప్రశ్న

నాకు ఇంగ్లీషు బాగా వచ్చు. గొప్పకు చెప్పడం లేదు. నా ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు అక్కడే మొదలైంది కాబట్టి ముందే చెప్పుకోవడం మంచిది.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొత్తలో నేను నందిగామలో సహకార శాఖ సూపర్వైజరుని. పల్లెల్లోని పరపతి సంఘాల బాగోగులు చూడటం నా పని. ఇప్పుడు బ్యాంకు ఉద్యోగాల్లో చేరుతున్న పిల్లలకు ఆ సంఘాల సంగతి తెలియకపోవచ్చు. రైతులు తలా కాస్త వేసుకొని పెట్టుకున్న అప్పుల సంఘాలవి. వాటికి డబ్బు జిల్లాలోని పెద్ద సంఘం ఇస్తుంది. దానికి రాష్ట్రంలోది ఇస్తుంది. అందరి వెనకా బొంబాయిలో ఒక బ్యాంకు ఉంటుంది. దేశంలోని బ్యాంకులన్నిటికీ అదే పెద్ద. పైన తూము ఎత్తితే కింద పిల్లకాలువ దాకా నీళ్ళు పారతాయని మాకు శిక్షణలో చెప్పారు. చెప్పినాయన డెల్టా మనిషి. మా మెట్ట తాలూకాలో అప్పటికి కాలువే లేదు.

ఆ నీళ్ళు మా దాకా పారకపోవడానికి కారణం, సంఘం భూమిని చూసి అప్పివ్వడమే. భూమి ఉన్నవాడికి అప్పు ఎలాగూ పుడుతుంది. కౌలుకు చేసేవాడు సంఘం గుమ్మం ముందు నుంచి తల వంచుకొని నడిచి పోవలసిందే. ఈ పద్ధతి మార్చాలని, భూమిని కాక పైరును చూసి ఇవ్వాలని బొంబాయి బ్యాంకులో కొందరు అనుకుంటున్నారట. అసలు పల్లెల్లో ఏం జరుగుతోందో చూసి రమ్మని నలుమూలలకూ మనుషుల్ని పంపారు. మా తాలూకాకు వచ్చినాయనకు మన భాష రాదు. దుబాసీ పని నాకు పడింది.

తర్వాతి కాలంలో ఆయన ఆ బ్యాంకులోని పెద్ద కుర్చీల్లో ఒకదాంట్లో కూర్చున్నారు. పేరు రాయను. అంత పేరు రాస్తే దాని నీడలో నా నిర్వాకం కనపడకుండా పోతుంది.

నందిగామ బంగళాలో మొదటిసారి చూసినప్పుడు ఆయన నన్ను నిరాశపరిచారు. బొంబాయి అధికారి అంటే నేను సూటూ టోపీ ఊహించుకున్నాను. ఈయన సన్నగా, కాస్త వంగి, ఉతికి ఇస్త్రీ చేయని చొక్కాతో ఉన్నారు. పొద్దున్నే మజ్జిగన్నం అడిగారు. కాఫీ హోటలుకు వెళ్తే తన కాఫీకి తనే డబ్బులిచ్చేవారు, నా కాఫీకి నన్ను ఇవ్వమనేవారు. ఇంత పొదుపరి బ్యాంకువాడు కాక ఇంకేమవుతాడని నేనూ మా జీపు డ్రైవరూ నవ్వుకునేవాళ్ళం.

డ్రైవరుది జగ్గయ్యపేట. పేట మనుషులకు ఉండే వాడి నోరు ఆయనకు రెండింతలుంది. నాకంటే పెద్దవాడు, నన్ను "సూపర్వైజరు గారూ" అని ఎంతో మర్యాదగా పిలిచి అంతే మర్యాదగా వాతలు పెట్టేవాడు.

అది మిరప కళ్ళాల కాలం. రోడ్డుకు రెండు పక్కలా ఎర్రటి కాయలు ఆరబోసి ఉండేవి. ఆ ఘాటు మాకు అలవాటు. బొంబాయి ఆయనకు మాత్రం జీపు దిగిన చోటల్లా తుమ్ములే. తుమ్మి, ముక్కు తుడుచుకొని, ఎదుటి రైతుకు చేతులు జోడించి అప్పుడు మాట మొదలుపెట్టేవారు. రెండో రోజుకే డ్రైవరు ఆయనకు "తుమ్ముల దొరగారు" అని పేరు పెట్టాడు.

ఒక అలవాటు మాత్రం నాకు ఇబ్బందిగా ఉండేది. రైతు మాట్లాడుతున్నంతసేపూ, నేను దాన్ని ఇంగ్లీషులో చెబుతున్నంతసేపూ కూడా ఆయన రైతు ముఖమే చూసేవారు. నా ముఖం చూసేవారు కారు. అంత మంచి ఇంగ్లీషు మాట్లాడుతున్న నన్ను ఒక్కసారైనా మెచ్చుకోలుగా చూడరేమని నాకు లోపల చిన్న కష్టం.

చిల్లకల్లు దగ్గర పెద్ద రోడ్డు వదిలి వత్సవాయి వైపు వెళ్ళే బాటలో ఒక ఊరుంది. అక్కడి సంఘం ప్రెసిడెంటు పెద్ద కామందు. ఊళ్ళో సగం పొలం ఆయనదే. ఆ ఊరు తనిఖీకి వెళ్ళినప్పుడల్లా నేను ఆయన ఇంట్లోనే భోంచేసేవాణ్ణి. చెడ్డవాడు కాదు. ఊరి బడికి పెంకు వేయించిందీ, మంచినీళ్ళ బావికి గిలక పెట్టించిందీ ఆయనే. నాకు బెజవాడ బదిలీ కావాలని ఆయనకు తెలుసు. మా ఆవిడ పుట్టిల్లు అక్కడ. పై అధికారులతో మాట్లాడతానని మాట ఇచ్చి ఉన్నారు. ఆ సంవత్సరమే అయిపోతుందని కూడా అన్నారు.

సమావేశం ఆయన అరుగు మీదే పెట్టారు. రైతులు అరుగు మీద చాపల మీద. పల్లెపాలెం వాళ్ళు, అంటే ఊరి చివర ఉండే కూలి జనం, కింద వాకిట్లో నిలబడి. అధికారి వచ్చి కుర్చీ పక్కకు నెట్టి చాప మీద కూర్చున్నారు. ప్రెసిడెంటు గారూ కూర్చోక తప్పలేదు. ఆయన మోకాళ్ళ నొప్పులు ఆయనకున్నాయి.

సంఘం ఎలా పనిచేస్తోందని అడిగితే ఒక చిన్న రైతు, తలపాగా సర్దుకుంటూ, "మా సంఘం పెద్ద ముత్తయిదువండి. పేరంటానికి పిలుస్తాం, పనికి పిలవం" అన్నాడు.

అరుగంతా నవ్వారు. ప్రెసిడెంటు గారు నా వంక చూశారు. నేను ఇంగ్లీషులో, సంఘానికి ఊళ్ళో మంచి గౌరవం ఉందని ఈ రైతు అంటున్నాడని చెప్పాను. అబద్ధం కాదు కదా అని సర్ది చెప్పుకున్నాను. మొదటి మెతుకు అలా దిగింది.

అప్పుడు వాకిట్లోంచి ఒకామె ముందుకొచ్చింది. నలభై దాటి ఉంటాయి. చీర కొంగుకు, గోళ్ళకు మిరప ఎరుపు. ప్రెసిడెంటు గారి పొలమే కొంత కౌలుకు తీసుకొని మిరప వేస్తుందని నాకు తెలుసు. మొగుడు లేడు, ఇద్దరు కూతుళ్ళు. ఆదివారం చర్చిలో పాటలు ఎత్తుకునేది ఆమేనని, గొంతు పెద్దదని కూడా విన్నాను. ఆ రోజు స్వయంగా విన్నాను.

"అయ్యా, నాకు బూమి లేదు. చేసేది కౌలు. సంఘంలో మాబోటోళ్ళకి చోటు లేదంటన్నారు. పైరు నాది, కష్టం నాది. ఇత్తనానికీ ఎరువుకీ కామందు కాడే తెచ్చుకుంటన్నా. అందుకని కాయ కళ్ళంలో ఎండకముందే ఆయన చెప్పిన ధరకి ఎత్తుకుపోతన్నారు. ఈ ఏడు కూడా అట్టాగే అయితే ఉగాదికి కౌలు ఒదిలేసి కూలికే పోవాల. బూమిని కాదయ్యా, నా పైరుని చూసి ఇయ్యరా మీరు?"

బొంబాయి నుంచి ఆయన వచ్చిందే ఈ ప్రశ్న కోసం. ఇంత దూరం వచ్చి చాప మీద కూర్చున్నది ఈ నాలుగు మాటలు వినడానికి. అది నాకు తెలుసు. తెలిసే చేశాను.

ప్రెసిడెంటు గారు ఏమీ అనలేదు. "ఏందే నీ గోల" అని కూడా అనలేదు. అని ఉంటే నాకు సాకు దొరికేది. ఆయన కాఫీ గ్లాసు పక్కన పెట్టి నా ముఖం చూశారు. నాకు బెజవాడ కనపడింది. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. పాలెం ఆడమనిషి అడగకుండా లేచి మాట్లాడితే దాన్ని మాటగా లెక్కవేయని ఇంట్లో పుట్టాను నేను. అందుకే అంత తేలిగ్గా గొంతు దిగింది.

"కౌలు రైతులు కూడా ఊళ్ళో సుఖంగా ఉన్నారనీ, తమరు వచ్చినందుకు సంతోషమనీ ఈమె అంటున్నది" అని ఇంగ్లీషులో చెప్పాను.

ఆయన ఆమె ముఖమే చూస్తూ, నవ్వి, "నేను సంతోషించానని చెప్పు" అన్నారు.

దుబాసీ అబద్ధమాడితే ఒక వైపుతో ఆగదని అప్పుడు తెలిసింది. నేను ఆమె వైపు తిరిగి, "దొరగారు సంతోషించారమ్మా" అన్నాను.

ఆమె "సంతోషించాడా?" అంది. తర్వాత కొంగు దులుపుకొని వెనక్కి వెళ్ళిపోయింది.

తిరుగు దారిలో జీపు చిల్లకల్లు దాటింది. అరుగు పక్కన నిలబడి అంతా విన్న డ్రైవరు రోడ్డు మీంచి చూపు తిప్పకుండా, "సూపర్వైజరు గారూ, నాకు తెలవక అడుగుతన్నా. ఇంగ్లీషులో కౌలుకి మాట లేదాండి?" అన్నాడు.

"నీ పని నువ్వు చూసుకో" అన్నాను.

"అదే చూసుకుంటన్నానండి. గుంటలు ఎక్కువున్నాయి."

మర్నాడు జగ్గయ్యపేటలో పని. మధ్యాహ్నం కాఫీ హోటలు ముందు నిలబడి ఉంటే మిరప బస్తాల బండ్ల దగ్గరున్న మనుషులు నన్ను చూసి ఏదో అనుకొని నవ్వారు. ఏమిటని డ్రైవర్ని అడిగాను.

"మీకు పేరొచ్చిందండి. సంతోషం గారంట. అప్పు అడిగితే సంతోషించాడంట దొర, అని పాలెంలో ఒకటే నవ్వులంట." గొంతు తగ్గించి చెప్పాడు. "ఆవిడ మాత్రం నవ్వట్లేదంట. అంత దూరం నుంచి వచ్చినోడికే మన కష్టం సంతోషంగా ఉంటే ఇంక ఎవరికి చెప్పుకుంటాం అని, ఉగాదికి పొలం ఒప్పజెప్పేస్తానని కామందుకి కబురంపిందంట. పిల్లల్ని తీసుకొని నైజాం వైపు కూలికి పోద్దంట."

అప్పట్లో పేట దాటితే నైజాం. సరిహద్దు మాకు రెండడుగుల దూరం. అయినా ఆ మాటలో ఊరు వదిలి పోవడమనే అర్థమే ఉండేది.

ఉగాదికి ఇంకా కొద్ది రోజులే ఉన్నాయి. ఆ రాత్రి అన్నం సయించలేదని రాస్తే బాగుంటుంది కాని నిజం కాదు. తిన్నాను, నిద్రపోయాను. ఆమె మాట మీద నమ్మకం లేక కాదు. నాలుగు రోజుల్లో ఆయన వెళ్ళిపోతారు, అంతా సద్దుమణుగుతుంది అనుకున్నాను.

మరుసటి రోజు ఆయన కృష్ణ చూడాలన్నారు. వేదాద్రి తీసుకెళ్ళాం. నరసింహస్వామి దర్శనం చేసుకొని నది మెట్ల మీద కూర్చున్నాం. ఆయన కాళ్ళు నీళ్ళలో పెట్టి, తనలో తాను ఆలోచించుకుంటున్నట్టుగా నాతో మాట్లాడారు.

"నేను వచ్చేటప్పుడు కౌలుదార్ల సంగతి పెద్ద సమస్యనుకొని వచ్చాను. మీ తాలూకాలో అలా కనిపించడం లేదు. మొన్న ఆ ఊళ్ళో ఒకామె, కౌలుదారే, తనంతట తను లేచి సుఖంగా ఉన్నామని చెప్పింది కదా. నా అంచనా తప్పేమో. ఈ ప్రాంతం వరకూ దీన్ని పక్కన పెట్టవచ్చేమో. బొంబాయి వెళ్ళాక అదే చెబుతాను."

నా అబద్ధం నా ముందుకే వచ్చి కూర్చుంది. అది ఇప్పుడు నాది కూడా కాదు. ఆయన మాట అయిపోయింది. ఇంకొన్నాళ్ళకు బొంబాయి మాట అవుతుంది. మా తాలూకాలోని కౌలుదార్లందరి తరఫునా నేను మాట్లాడేశాను.

అప్పుడు చెప్పాను. ధైర్యంతో కాదు. భయంతో. ఆమె అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి అని చెప్పాను. ముత్తయిదువ మాట కూడా చెప్పాను. బెజవాడ సంగతీ దాచలేదు.

ఆయన తిడతారనుకున్నాను. తిట్టి ఉంటే ఈపాటికి మరచిపోయేవాణ్ణేమో.

"ఉద్యోగంలో చేరిన కొత్తలో, దివాలా తీసిన ఒక చిన్న బ్యాంకుకు తాళం వేయడానికి నన్ను పంపారు. నాకు ఆ ఊరి భాష రాదు. తలుపు దగ్గర ఒక ముసలాయన నా చెయ్యి పట్టుకొని ఏదో అడిగాడు. మళ్ళీ మళ్ళీ అదే అడిగాడు. ఏమంటున్నాడని పక్కనున్న గుమస్తాను అడిగాను. ఏం లేదు సార్, ఊరికే అరుస్తున్నాడు అన్నాడు. నేను తాళం వేసి రైలెక్కాను." ఆయన కాళ్ళు నీళ్ళలోంచి తీసి తుడుచుకున్నారు. "తన డబ్బు ఎప్పుడొస్తుందని అడిగి ఉంటాడని అందరూ అంటారు. కాకపోవచ్చు. ఆయన ఏమడిగాడో నాకు తెలియదు. ఇక తెలిసే దారి లేదు. నీ సంగతి అలా కాదు. ఆమె పది మైళ్ళలోపే ఉంది."

లేచి నడుస్తూ ఇంకో మాట అన్నారు. "ఆమె ఏం చెప్పిందో నువ్వు నాకు చెప్పవద్దు. ఆమే చెబుతుంది. ఒక్కటి గుర్తుంచుకో. 'ఈమె అంటున్నది' అని మొదలుపెట్టకు. ఆమె 'నేను' అంటే నువ్వూ 'నేను' అనాలి. అప్పుడు మింగడం కష్టమవుతుంది."

వేదాద్రి నుంచి చిల్లకల్లు రోడ్డెక్కాక నందిగామకు కుడివైపు తిరగాలి. నేను డ్రైవరుకు ఇంకా ఏమీ చెప్పలేదు. చెప్పడానికి నోరు తెరిచేలోగానే అతను తిరగకుండా రోడ్డు దాటి నేరుగా వత్సవాయి బాట పట్టాడు. అద్దంలో నా ముఖం చూసి ఉంటాడు.

ఆమె పాలెం వెనక కళ్ళంలో కూర్చొని తాలు కాయలు, అంటే రంగు పోయి తెల్లబడ్డ కాయలు, ఏరుతోంది. మమ్మల్ని చూసి లేవలేదు.

"మళ్ళీ ఏందయ్యా? మొన్నటి సంతోషం సరిపోలేదా?"

"అమ్మా, ఆ రోజు నువ్వడిగింది ఈయనకు నేను చెప్పలేదు" అన్నాను.

ఆమె చెయ్యి ఆగింది. "చెప్పలేదా? మరి ఏం చెప్పావు?"

"ఊళ్ళో అంతా బాగున్నారని చెప్పా."

"బాగుంటే నేనెందుకయ్యా నోరు తెరుస్తా?"

ఇంతలో అధికారి మిరప రాశి పక్కనే నేల మీద కూర్చున్నారు. కూర్చున్న మరుక్షణం తుమ్ములు మొదలయ్యాయి. ఒకటి కాదు, రెండు కాదు. కళ్ళజోడు జారి కాయల్లో పడింది. చుట్టూ చేరిన పాలెం ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకున్నారు. ఆమె ఎంత ఆపుకుందామన్నా నవ్వు ఆగలేదు.

"ఆ బాబుని గాలికి ఎదురు కూర్చోబెట్టావేందయ్యా? ఇటు జరగమను. నీకు ఆమాత్రం కూడా తెలవదా?"

ఆయన జరిగారు. ఆమె కూతురు చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆయన తాగారు. నేనూ తాగాను. ఆ పాలెంలో నేను నీళ్ళు తాగడం అదే మొదటిసారి. సంస్కరణ కోసం కాదు, గొంతు మండిపోతోంది.

అప్పుడు ఆమె మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. నేను ఆయన చెప్పిన పద్ధతిలోనే ఇంగ్లీషులో చెప్పాను. నాకు భూమి లేదు. నాకు సంఘంలో చోటు లేదు. నా కాయను ఎండకముందే ఎత్తుకుపోతున్నారు. ఈ మాటలన్నీ నా నోటితో, నా గొంతుతో, "నేను, నాకు, నా" అని చెప్పాలి. చదువుకున్నప్పుడు ఎన్నో పెద్ద మాటలు ఇంగ్లీషులో చెప్పాను. ఇంత కష్టపడి ఏ మాటా చెప్పలేదు. మధ్యలో ఒకసారి మాట ఆపి దగ్గాను. ఆమె ఆగి, "మిరప ఘాటు. నీళ్ళు తాగు" అంది.

ఆయన ఆమె ముఖం చూస్తూనే జవాబు చెప్పారు. "నీకు అప్పిచ్చే అధికారం నాకు ఇవాళ లేదు. ఇవ్వాలని పైన చెబుతాను. గట్టిగా చెబుతాను. అది జరగడానికి ఏళ్ళు పట్టవచ్చు."

నేను చెప్పాను. తగ్గించలేదు, తియ్యగా చేయలేదు.

"ఏళ్ళా? మిరపనారు ఏళ్ళు ఆగుద్దా?"

"ఆగదు" అన్నారాయన.

ఆమె తల ఊపింది. "లేదని చెప్పినా బాగానే ఉందయ్యా. సంతోషించాడంటేనే బాగోలేదు."

ఆయన నా వైపు తిరిగారు. అన్ని రోజుల్లో రైతుల ముందు నా ముఖం చూసి మాట్లాడింది అదే మొదలు. "భూమి లేనివాళ్ళను సంఘంలో చేర్చుకోకూడదని నిబంధన ఉందా?"

"లేదు సార్. ఇద్దరు సభ్యులు జామీను ఉంటే చేర్చుకొని చిన్న అప్పు ఇవ్వవచ్చు. ఎవరూ ఉండరు. అలవాటు లేదు."

"నిబంధన లేదు, అలవాటు లేదు. నువ్వు ఇక్కడ ఏం చేస్తున్నావు?"



ఆ సమయానికి ప్రెసిడెంటు గారు వచ్చారు. బొంబాయి ఆయన తన ఇంటికి రాకుండా పాలెంలో కూర్చున్నారన్న కబురు అందినట్టుంది. గొడుగు వేసుకొని, కళ్ళం గట్టు దగ్గర ఆగిపోయారు. అక్కడి నుంచే నాతో, "ఏమయ్యా సూపర్వైజరూ, మా గుమ్మం దాటి వచ్చారే. మా ఇంట్లో కాఫీ చేదయిందా?" అన్నారు.

అధికారి ఆయనేమన్నారని అడిగారు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన నవ్వి, లేచి నమస్కారం చేసి, "మీ కౌలుదారు పైరు గురించి మీకంటే తెలిసినవాళ్ళు ఎవరుంటారు? ఈమె సంఘంలో చేరితే మీరు జామీను ఉంటారా?" అని అడిగారు.

పాలెం మొత్తం అక్కడే ఉంది. ఊళ్ళోంచి కూడా కొందరు వచ్చి చూస్తున్నారు. ఉండనని అంటే తన పొలంలో పైరు మీద తనకే నమ్మకం లేదన్నట్టు. ప్రెసిడెంటు గారు గొడుగు ముడిచారు. మళ్ళీ తెరిచారు.

"నా కౌలుదారుకి నా జామీను లేకపోతే ఊళ్ళో ఇంకెవరిది ఉంటుందండి? ఉంటాను" అన్నారు. తర్వాత నా వైపు చూసి, "రెండోవాణ్ణి మీ సూపర్వైజరునే వెతకమనండి. ఎవరు ముందుకొస్తారో నేనూ చూస్తా" అన్నారు.

వెతకనక్కర్లేకపోయింది. తలపాగా రైతు ఆ గుంపులోనే ఉన్నాడు. "పేరంటాలు చాలండి, ఇంక ముత్తయిదువని పనికి పిలుద్దాం. నేనుంటా" అన్నాడు.

పరువు కోసం చేసిన మేలు మేలు కాదా అని చాలాసార్లు ఆలోచించాను. మేలే. ఆ రోజు అక్కడ ఎవరమూ స్వచ్ఛమైన మనసుతో ఏ పనీ చేయలేదు. ప్రెసిడెంటు గారు పరువు కోసం చేశారు, నేను భయంతో చేశాను, తలపాగా రైతు కామందును ఇరుకున పెట్టిన సరదాతో చేశాడు. అయినా పని జరిగింది. మీరు ఉద్యోగాల్లో మంచి మనసుల కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. పని జరిగే చోటుకు వెళ్ళి నిలబడండి.

ఆమె ఉగాదికి కౌలు వదల్లేదు. సంఘం నుంచి విత్తనం, ఎరువు తీసుకుంది. ఆ ఏడు ధర గొప్పగా లేదు. కాని కాయ కళ్ళంలో పూర్తిగా ఎండింది, ఆమెకు ఇష్టమైన రోజున పేట బండెక్కింది. ఆ బండి వెనక ఆమె నడుచుకుంటూ వెళ్ళడం నేను చిల్లకల్లు దగ్గర చూశాను. నన్ను చూసి, "ఏం సంతోషం గారూ" అని పలకరించింది. పేరు పోలేదు. పోవాలని నేనూ అడగలేదు.

బెజవాడ బదిలీ రాలేదు. అడిగితే ప్రెసిడెంటు గారు, "నీలాంటివాడు ఈ తాలూకాకి చాలా అవసరమయ్యా" అన్నారు. ఎత్తిపొడుపే. అయినా అదే నిజమయింది. మా ఆవిడ ఆ బొంబాయి ఆయన్ని చాలాకాలం తిట్టింది. ఆ తర్వాత నేను ఇంకేమీ మింగలేదని మాత్రం చెప్పను. చిన్నవి మింగాను. కాని కౌలుదారు ఎదురుగా ఉన్నప్పుడు మాత్రం గొంతు దానంతట అదే మూసుకునేది.

ఏళ్ళు గడిచాయి. పైరును చూసి అప్పులివ్వడం మెల్లగా మొదలయింది. అది ఒక్క మనిషి వల్ల జరిగిందని అనను. అలాంటివి ఒక్కరితో అయ్యేవి కావు. కాని ఆయన ఒక్కొక్క మెట్టే పైకి వెళ్తున్నారని పేపర్లో చూసేవాళ్ళం. ఎక్కడో ఒక సభలో, అప్పు అడిగేవాడి మాట మధ్యవాళ్ళ నోట వినకూడదని ఆయన అన్నట్టు చదివితే నాకు చెవులు వేడెక్కాయి. ఒకరోజు డ్రైవరు పేపరు పట్టుకొని ఆఫీసుకొచ్చాడు. "మన తుమ్ముల దొరకి పెద్ద కుర్చీ వచ్చిందండి. ఆ గదిలో మిరపకాయలు ఉండవు లెండి, హాయిగా కూర్చుంటారు" అన్నాడు.

సాగరు ఎడమ కాలువ మా వైపు తవ్వుతున్న రోజుల్లో, అరవైల నడుమ, ఆయన మళ్ళీ వచ్చారు. ఈసారి కార్ల వరస. జగ్గయ్యపేటలో షామియానా, కుర్చీలు, పూలదండలు. దుబాసీగా పెద్ద చదువులు చదివిన ఒక అధికారిని బెజవాడ నుంచి రప్పించారు. నేను వెనక కుర్చీలు సర్దిస్తున్నాను. ఆయనకు జుట్టు నెరిసింది. వంగిన వీపు ఇంకా వంగింది. వేదిక ఎక్కబోతూ ఆగి, "జీపును దారి మళ్ళించిన దుబాసీ ఇక్కడే ఉన్నాడా?" అని అడిగారు.

జీపును మళ్ళించింది నేను కాదు, డ్రైవరు. ఆ సంగతి అప్పుడు చెప్పే వీలు లేకపోయింది, ఇక్కడ చెబుతున్నాను. నన్ను ముందుకు తోశారు.

రైతులు మాట్లాడారు, నేను చెప్పాను. కాసేపటికి ఆడవాళ్ళ వైపు నుంచి ఆమె లేచింది. అప్పటికి ఆమె వాళ్ళ ఊరి సంఘం కమిటీలో మెంబరు. కామందు కాలం చేశారు. ఆయన కొడుకు దగ్గర అదే పొలం కౌలుకు చేస్తోంది, పక్కన అరెకరం సొంతం చేసుకుంది. గొంతు అలాగే ఉంది.

"అయ్యా, నన్ను గుర్తుపట్టారో లేదో. నేను పైరు మీద అప్పు తీసుకున్నదాన్ని. మా పాలెంలో ఇప్పుడు అందరం తీసుకుంటన్నాం. ఒక సంగతి మీకు చెప్పాలని వచ్చా. అప్పట్లో ఈయనగారు నా మాట మింగేశాడు."

ఆమె వేలు నా మీదే ఉంది. పై అధికారులు నా వంక చూస్తున్నారు. ఆయన మాత్రం ఎప్పటిలాగే ఆమె ముఖం చూస్తున్నారు.

"మింగాడు గానీ, అరగలేదు. తిరిగొచ్చి కక్కాడు. మాబోటోళ్ళకి మంచోళ్ళే రానక్కర్లేదయ్యా. మా మాట మింగితే అరగనోడు ఒకడుంటే చాలు. అట్టాంటోళ్ళనే పంపండి."

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆయన నేర్పిన పద్ధతిలోనే. ఆమె "నేను" అంటే నేనూ "నేను" అన్నాను. ఆమె "ఈయన" అన్నచోట, నన్ను నేనే చూపించుకుంటూ, "ఈ మనిషి నా మాట మింగేశాడు" అన్నాను. అంతమంది ముందు. ఒక్క మాట తగ్గించలేదు. అరగలేదన్న ముక్క దగ్గర కొంచెం పెంచుదామని ఆశ పుట్టింది కాని, అదీ చేయలేదు.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆ రోజు షామియానాలో మిరపకాయలు లేవు.

"నేను సంతోషించానని చెప్పు" అన్నారు.

అవే మాటలు. నేను ఆమె వైపు తిరిగాను.

"దొరగారు సంతోషించారమ్మా."

పాలెం వాళ్ళు కూర్చున్న వైపు నుంచి ముందు ఒక నవ్వు, ఆ తర్వాత అందరి నవ్వూ వినిపించింది. ఆమె నవ్వలేదు. నడుం మీద చెయ్యి వేసుకొని నన్ను ఎగాదిగా చూసింది.

"ఈసారన్నా నిజంగానేనా?"

ఆ ప్రశ్న నాకు వేసిందే. అయినా దాన్ని కూడా మింగకుండా ఇంగ్లీషులో ఆయనకు అందించాను.